పరాస్కా బామ్మకు రొట్టె, ఉప్పు

“ముసలావిడ పాడకూడదు. అదీ వాళ్ళ ఆర్డర్,” అన్నాడు చీఫ్ వీరభద్రం. షికాగో పక్కనున్న అరోరాలో ఓ కిరాణా కొట్టు వెనక గదిలో, బియ్యం బస్తాల మధ్య బ్రీఫింగ్.

కృతి నమ్మలేదు. “పాటకి మర్డరా, అంకుల్?”

“డ్యూటీలో చీఫ్ అను. ఉక్రెయిన్‌లో పరాస్కా ఊరిని యుద్ధం తుడిచిపెట్టేసింది. ఆ ఊరి పాటలు తెలిసిన మనిషి ఆవిడొక్కతే మిగిలింది. వచ్చే నెల షికాగోలో పాడితే రికార్డ్ చేస్తారు. పాట మిగిలితే అక్కడో ఊరుండేదని సాక్ష్యం మిగిలినట్టే. గ్రే ఫాక్స్ ముఠాకి అది గిట్టదు. డాన్సర్‌గా ఆవిడ ట్రూప్‌లో చేరు. మెయిన్ డాన్సర్ లారిసా మన ఇన్ఫార్మర్.”

నెల తిరిగింది. ఎర్ర బూట్లు, రిబ్బన్ల పూలకిరీటంతో కృతి స్టేజీ పక్కన నిలబడింది. కిరీటంలో కెమెరా, చెవిలో ఇయర్‌పీస్. కూచిపూడి నేర్చిన కాళ్ళకి ఆ గెంతులు పట్టుబడేసరికి దేవుడు కనిపించాడు. తప్పు అడుగేస్తే పరాస్కా దుమ్ము దులిపేది. రిహార్సల్ కాగానే తన ప్లేట్లోది తీసి పెట్టేది. ఆవిడకేమన్నా అయితే?

ఆవిడను రొట్టె, ఉప్పుతో ఆహ్వానించే పని కృతిదే. కుట్టుపని తువ్వాలు మీద గుండ్రటి రొట్టె, దాని నడుమ ఉప్పు గిన్నె. ముక్క తుంచి, ఉప్పులో అద్ది తినాలి. కాదనడం వాళ్ళలో లేదు.

లారిసా పరుగున వచ్చింది. ఎంత అందగత్తె! “బందూరా తీగల్లో విషపు సూది ఉంది. వెళ్ళి చూడు!”

కృతి రొట్టెను బల్లమీద పెట్టి, ఆ వాయిద్యం దగ్గరకు ఉరికింది. ఉంగరంలోని డిటెక్టర్ తిప్పింది. ఏమీ లేదు. తిరిగొచ్చేసరికి లారిసా తువ్వాలు సర్దుతోంది. ఇందాక గిన్నెలో చదునుగా ఉన్న ఉప్పు ఇప్పుడు కుప్పగా ఉంది.

తెర లేచింది. హాలంతా చప్పట్లు.

“చీఫ్, ఉప్పు మీద డౌట్!”

“కన్‌ఫర్మ్ చెయ్. తప్పయితే మన కవర్ గోవిందా!”

కృతి నవ్వుతూ స్టేజీ ఎక్కింది. పరాస్కాను దాటి తిన్నగా లారిసా ముందు ఆగి వంగింది. ఉప్పు తాకితే చెయ్యి పట్టుకునేందుకు సిద్ధంగా ఉంది. లారిసా మొహం పాలిపోయింది. ముక్క తుంచి, ఉప్పు వంక చూడకుండానే నోట్లో వేసుకుంది.

“కన్‌ఫర్మ్డ్!” అని గొణిగింది కృతి. అంతలో పక్కనుంచి ముడతల చెయ్యి చొచ్చుకొచ్చింది. ఓపిక నశించిన పరాస్కా ముక్క తుంచి, ఉప్పులో అద్దేసింది! పెదవుల దాకా వెళ్ళిపోయింది!

కృతి గిర్రున తిరిగి, కాలు జారినట్టు ఆవిడ మోచేతిని గుద్దింది. ముక్క ఎగిరిపడింది. రొట్టె దొర్లింది, ఉప్పు చెల్లాచెదురైంది. కృతి ఆవిడ వేళ్ళను తువ్వాలుతో గట్టిగా తుడిచేసింది. తెరవెనక్కి జారుకున్న లారిసాను వీరభద్రం మనుషులు చడీచప్పుడు లేకుండా వ్యాన్ ఎక్కించారు.

పరాస్కా పాడింది. తన ఊళ్ళో పెళ్ళికీ కోతకీ పాడుకున్నవన్నీ పాడింది. కృతి కళ్ళనీళ్ళు ఆపుకోలేకపోయింది.

పాట ముగించి ఆవిడ నేరుగా కృతి దగ్గరకు వచ్చింది. “రొట్టెను నేలపాలు చేస్తావా? నా ఊళ్ళో అయితే వీపు పగిలేది! ఇంకోసారి స్టేజీ ఎక్కితే చూడు!”

నిజం చెప్పకూడదు. కృతి తలొంచుకుంది. “సారీ, బామ్మా.”

చెవిలో వీరభద్రం గొంతు మెల్లగా పలికింది. “కంగ్రాట్స్, ఏజెంట్. మిషన్ సక్సెస్. డాన్సర్ ఉద్యోగం మాత్రం ఊడింది.”