పంపుహౌస్‌లో ఎడమ పక్క

ఆ పంపుహౌస్‌కి మంచి పేరు లేదు.

ఆ ఆట ఆడేవాళ్ళలో ఎవరినైనా అడగండి. రైలు యార్డుకి వెళ్తారు, విరిగిన వంతెన కింద దూరతారు, తగలబడుతున్న గోదాములోకి కూడా నవ్వుకుంటూ పోతారు. పంపుహౌస్ మాత్రం... చుట్టు తిరిగి వెళ్తారు. చేతిలో తుపాకీ, నడుముకి బాంబులు ఉన్నవాళ్ళు కూడా ఆ ఇనప తలుపు దగ్గరికొచ్చేసరికి అడుగు తీసి అడుగు వెయ్యరు.

అది నిజం పంపుహౌస్ కాదు లెండి. కంప్యూటర్లో ఉన్నది. ఎక్కడెక్కడివాళ్ళో ఆన్‌లైన్లో కలిసి ఒకళ్ళనొకళ్ళు కాల్చుకునే ఆట ఒకటుంది. ఆ ఆటలో ఒక పాడుబడ్డ ఊరు. ఆ ఊళ్ళో ఎప్పుడూ రాత్రే. మన కిటికీ బయట ఎండ మండిపోతున్నా సరే, తెర మీద రాత్రి. అక్కడ చందమామ కూడా కదలడు, ఎవరికోసమో ఆగిపోయినట్టు.

పంపుహౌస్ లోపలికి వెళ్తే అడుగుల చప్పుడు వినిపిస్తుందట. మనిషి ఉండడట.

ఒకతను అక్కడ నిలబడి ఆడుతూ ఆడుతూ కుర్చీలోనే కన్నుమూశాడనీ, ఇంట్లోవాళ్ళు కంప్యూటర్ కట్టేసినా అతని బొమ్మ మాత్రం అక్కడే తచ్చాడుతోందనీ చెప్పుకుంటారు. ఎవరు చూశారయ్యా అంటే, ఎవరూ చూడలేదు. అందరూ విన్నారు.

అక్కడ లిఫ్టుకి జరిగిన సంగతి ఇది.

లిఫ్టంటే మనిషే. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఆటలో పెట్టుకున్న పేరూ అదే. పగలంతా అంతస్తుల మధ్య చీకటి గూట్లో తాళ్ళకి గ్రీజు పూస్తూ, తలుపులు ఎందుకు మూసుకోవట్లేదో చూస్తూ గడిచిపోయేది. సాయంత్రం చేతులు రుద్ది రుద్ది కడుక్కుని, టీవీ ముందు సోఫాలో కూలబడి వీడియో గేము కంట్రోలర్ అందుకునేవాడు. ఇక అతనికి ప్రపంచంతో పని లేదు.

ఆ సోఫాలో రెండో పక్క ఎప్పుడూ మరదలు కూర్చునేది. మేనమామ కూతురు. రెండు వీధుల అవతల ఇల్లు. ప్రింటింగ్ షాపులో బోర్డులు, కవర్లు డిజైన్ చేసే పని.

మొదటి కంట్రోలర్ అతనిది. బొత్తాం పట్టేసే రెండోది ఆమెది. ఆట మొదలవగానే తెర మీద ఆమె సగంలో ‘ప్లేయర్ టూ’ అని పడేది. అతనూ అలాగే పిలిచేవాడు.

“ప్లేయర్ టూ, కాసిని మంచినీళ్ళు.”

“ప్లేయర్ టూ, పక్కకి జరుగు, కనపడట్లేదు.”

ముద్దుగానే అనేవాడు. ముద్దనే అనుకున్నాడు.

ఆ పాడుబడ్డ ఊరి ఆట మరదలిది. తన ఇంట్లో, తన కంప్యూటర్లో ఆడుకునేది. “ఒక్కసారి రా బావా” అని ఎన్నిసార్లు అడిగిందో. “కీబోర్డుతో ఆడేది ఆటేంటే, టైపు పరీక్షలాగ” అని అతను నవ్వేవాడు. ఆమె కూడా నవ్వేది.

ఒకరోజు నవ్వలేదు.

“మా షాపులో ఒకతను అడిగాడు బావా... పెళ్ళి చేసుకుంటావా అని.”

అతను కంట్రోలర్ పక్కన పెట్టలేదు. ఆట మధ్యలో ఉన్నాడు మరి. ఆమె ఆ చేతులవైపే చూస్తూ చెప్పింది.

“నాకు నువ్వంటే ఇష్టం. అది నీకు తెలుసు. నేనెవరో మాత్రం నీకు తెలీదు. రెండేళ్ళు నీ సోఫాలో కూర్చుని నీ ఆట ఆడాను. నువ్వొక్కసారి నా ఆటకి రా. అక్కడ నా పేరు నేనే పెట్టుకున్నాను. నన్ను వెతుక్కుని, నా ఎదురుగా నిలబడి, నన్ను చూసి, ఆ పేరుతో పిలువు. అంతదాకా నేను నిన్ను పలకరించను. ఫోన్ చెయ్యను. నువ్వూ మా గుమ్మం ఎక్కకు.”

“దొరక్కపోతే?”

“అతనికి సరే అంటాను.”

రెండో కంట్రోలర్ సోఫాలో పెట్టి లేచింది.

ఆమె వెళ్ళిపోయాక సోఫాలో ఆ పక్క గుంట చాలాసేపు అలాగే ఉంది. మెల్లగా, మెల్లగా అది పైకి లేచింది. అప్పటికి గానీ అతనికి భయం వెయ్యలేదు.

కంప్యూటర్ ఒకటి తెచ్చాడు, ఎవరో వాడి వదిలేసింది. దాంతోపాటు ఒక హెడ్‌ఫోన్సు. మైకు విరిగిపోయింది, చెవుల దగ్గర అక్షరాలు అరిగిపోయాయి. మాట వినపడితే చాల్లే అనుకున్నాడు. టీవీ ముందు పెరిగిన మనిషి, చెవులకి ఏదీ తగిలించుకోకుండా ఇన్నేళ్ళూ ఆడినవాడు.

అబ్బో, ఇక ఆ పాట్లు చెప్పనలవి కాదు. కంట్రోలర్లో పుల్ల తోస్తే బొమ్మ మెడ మర్యాదగా తిరిగేది. ఇక్కడ మౌస్ కాస్త కదిపితే బొంగరంలా తిరిగి ఆకాశంలో చూస్తోంది. నడుద్దామంటే కూర్చుంటుంది. కూర్చోమంటే బాంబు తీసి కాళ్ళ దగ్గర పడేసుకుంటుంది. ఏ తాడు ఎక్కడ కీచుమన్నా కనిపెట్టే చెవులున్నవాడే, అడుగులు వినిపిస్తున్నాయని చటుక్కున తిరిగేవాడు — అక్కడ ఎవరూ ఉండరు. వెనకనుంచి గుండు దిగేది.

మళ్ళీ పుట్టడం. మళ్ళీ వినడం, తిరగడం, చావడం.

ఆ ఊళ్ళో అందరికంటే పాతకాపు ఒకడున్నాడు. అందరూ తాత అంటారు. చచ్చినప్పుడల్లా తాత చాట్‌లో పలకరించేవాడు.

“లిఫ్టూ, మళ్ళీ పైకేనా?”

“కొత్త కదా తాతా.”

“కొత్తయితే మాత్రం, మనిషి కుడిపక్కనుంచి వస్తుంటే ఎడమకి తిరిగి గోడకి దండం పెడతావేంట్రా? శత్రువుకి వీపు చూపించడంలో నీ తర్వాతే ఎవరైనా.”

చాట్‌లో అందరూ నవ్వారు. లిఫ్టు కూడా ఒక నవ్వు బొమ్మ పెట్టాడు. లోపల మాత్రం ఏడుపొచ్చింది. ఎందుకంటే ఆ ఆటలో మనిషి పేరు ఊరికే కనపడదు. ఎదురుగా చూసి గురి సరిగ్గా ఆ మనిషి మీద నిలిపితేనే తల మీద పేరు వెలుగుతుంది. ఇతను గురి ఎత్తేలోపే నేల కరుస్తున్నాడు. ఇంతమందిలో ఆమె ఎవరు? ఏ పేరు పెట్టుకుంది?

చావులు భరించలేక, ఒక ఆదివారం, ఎవరూ రారని పంపుహౌస్‌లో దూరాడు.

లోపల కటిక చీకటి. నిలువెత్తు గొట్టాలు. నెత్తిమీద ఎక్కడో నీటిబొట్టు — టప్... టప్. ఒక మూల గోడకి ఎదురుగా నిలబడి మౌస్ తిప్పడం నేర్చుకుంటున్నాడు. బయట ఎక్కడో కాల్పులు వినిపించాయి. లోపలికి మాత్రం ఎవరూ రాలేదు.

అప్పుడు వినిపించాయి.

అడుగులు. ఇనప నేల మీద. తొందర లేకుండా... ఒకటి... ఇంకొకటి... ఎడమ పక్కకి వచ్చి ఆగాయి. భుజం ఆనించి నిలబడ్డంత దగ్గరగా.

లిఫ్టు ఎడమకి తిరిగాడు.

గొట్టం. గోడ. ఎవరూ లేరు.

అడుగులు మళ్ళీ కదిలాయి, అతని చుట్టూ తిరిగి రాబోతున్నట్టు. అతనూ చప్పుడు వెంబడే ఇంకా తిరిగాడు. చీకటి. ఖాళీ. అలాగే నిలబడ్డాడు. ఎవరైనా అయితే ఈపాటికి కాల్చేసేవాళ్ళు. కాల్చలేదు. శత్రువైతే కాల్చకుండా ఎందుకుంటాడు? మనిషైతే కనపడకుండా ఎలా ఉంటాడు?

కాసేపటికి అడుగులు మెల్లగా వెళ్ళిపోయాయి.

చాట్‌లో రాశాడు. “తాతా, పంపుహౌస్ సంగతి నిజమే.”

“పైన జల్లెడలాంటి ఇనప మెట్లున్నాయి. పైన ఎవడో నడిస్తే కింద పక్కనే అనిపిస్తుంది. దెయ్యం లేదు, భూతం లేదు. పని చూసుకో.”

లిఫ్టు పైకి చూసి వచ్చాడు. మెట్ల మీద ఎవరూ లేరు.

మరదలేమో అన్న ఆలోచన కూడా వచ్చింది. కానీ దాన్ని అతనే కొట్టిపారేశాడు. పక్కకొచ్చి నోరు మూసుకుని నిలబడ్డానికి అది మా మరదలేనా? ఆ వసపిట్ట ఈపాటికి చెవులు చిల్లులు పడేలా నవ్వేది.

అయినా రోజూ వెళ్ళాడు. పని నుంచి రాగానే, అన్నం కూడా తినకుండా. భయమే, కానీ ఆ ఊళ్ళో అతన్ని చంపకుండా పక్కన నిలబడేది అదొక్కటే. రోజూ వచ్చేది. ఎడమ పక్కకి. రోజూ అతను తిరిగేవాడు. రోజూ ఎవరూ ఉండేవాళ్ళు కాదు. ఒంటరితనం ముదిరితే దెయ్యం కూడా తోడే అనిపిస్తుందేమో... ఒకసారి తెర ముందు గుసగుసగా అడిగాడు.

“ఎవరు నువ్వు?”

మైకు లేదు. అతని గదికి తప్ప ఎవరికీ వినపడలేదు.

ఆఖరిసారి వచ్చినప్పుడు అడుగులు చాలాసేపు కదల్లేదు.

అతను ఎప్పటిలాగే ఎడమకి తిరిగి గోడనే చూస్తున్నాడు. ఉన్నట్టుండి ఆ గోడ వెలిగింది. తెల్లటి వెలుతురు. వెలుతురు మధ్యలో నల్లగా, పొడుగ్గా... అతని నీడ.

అతని చేతిలో దీపం లేదు.

నీడ కదల్లేదు. వెలుతురు ఒకసారి ఆరింది. మళ్ళీ వెలిగింది. మళ్ళీ ఆరింది. ఏదో అడుగుతున్నట్టు.

లిఫ్టు చెవుల మీదివి గుంజి పారేసి కంప్యూటర్ తీగ లాగేశాడు. గదిలో సాయంకాలపు ఎండ పడుతోంది.

మళ్ళీ కొన్నాళ్ళు ఆట తెరవలేదు. తెరిచినప్పుడు కూడా హెడ్‌ఫోన్సు తగిలించుకుని ఊళ్ళోకి దిగకుండా, మొదటి తెర దగ్గరే కూర్చుండిపోయాడు. అలా కూర్చుని ఉండగా అక్క గదిలోకి వచ్చింది. అక్క పని ఫోన్లెత్తడం. పొద్దస్తమానం తలకి హెడ్‌సెట్ తగిలించుకుని, ముక్కూమొహం తెలియనివాళ్ళ తిట్లు తినడం.

“మామయ్య ఫోన్ చేశాడురా,” అంది. “పిల్ల సరే అందట... ఆ షాపతనికి.”

అతను తెరవైపే చూస్తున్నాడు.

“వింటున్నావా?”

“అక్కా... అక్కడ దెయ్యం ఉందే. నా పక్కనే నిలబడుతుంది. తిరిగితే ఉండదు.”

అక్క తిట్టబోయి, వాడి మొహం చూసి ఆగింది. చెవుల మీదివి తియ్యబోయింది. అలాగే చెయ్యి ఆపేసింది.

“ఇన్నాళ్ళూ ఇలా పెట్టుకునే ఆడుతున్నావా?”

“ఎలా?”

“తిరగేసి. వైరు ఎడమ చెవి దగ్గర్నుంచి దిగాలిరా. నీకు కుడి నుంచి వేలాడుతోంది.”

“అయితే?”

“అయితే ఏముంది, నీకు ఎడమ పక్క వినిపించిందంతా కుడి పక్కది.”

లిఫ్టు వాటిని తీసి చేతిలో అటూ ఇటూ తిప్పి చూశాడు. మొదట నవ్వొచ్చింది. దెయ్యం లేదు. పక్కన నిలబడింది మనిషే. తనే అటు తిరగాల్సింది ఇటు తిరిగాడు... ఆ నవ్వు పెదాలు దాటలేదు. రోజూ వచ్చి, కాల్చకుండా, పలకకుండా, ఎదుటికి రాబోయిన ఆ మనిషి ఎవరో ఒక్కసారిగా తెలిసింది. వచ్చినప్పుడల్లా తను వీపు చూపించాడు.

ఫోన్ చేశాడు. మరదలు ఎత్తింది.

“చెప్పు బావా.”

“పంపుహౌస్‌లో... అది నువ్వేనా?”



“నేనే. దీపం కూడా వేశాను. నువ్వు తిరగలేదు.”

“హెడ్‌ఫోన్సు తిరగేసి పెట్టుకున్నానే. ఎడమా కుడీ తారుమారైపోయాయి. నీ చప్పుడు అటు వినిపించింది, అందుకే అటు తిరిగాను. ఒట్టు. అక్కనడుగు.”

ఆమె నవ్విందో, ఏడ్చిందో. ఫోన్లో రెండూ ఒకలాగే ఉంటాయి.

“నమ్ముతున్నాను బావా. నువ్వు అబద్ధం చెప్పవు.”

“మరి...”

“సోఫాలో కూర్చున్నప్పుడు హెడ్‌ఫోన్సు లేవు కదా.”

అంతే. తరవాత ఫోన్ పెట్టేసిన చప్పుడు కూడా, మర్యాదగా, మెల్లగా.

అక్క వద్దంటున్నా అతను మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు. ఈసారి వైరు ఎడమకి వచ్చేలా సరిగ్గా పెట్టుకున్నాడు. పాడుబడ్డ ఊళ్ళోకి దిగి, చాట్‌లో అడిగాడు.

“తాతా, పంపుహౌస్‌కి వచ్చే అమ్మాయి ఈరోజు వచ్చిందా?”

“నీ కాపలా పిల్లా? రాలేదే.”

“కాపలా ఏంటి?”

“అదేంట్రా, నీకు తెలీదూ? నువ్వు లోపల ఉన్నంతసేపూ ఆ పిల్ల గుమ్మం దగ్గర కూర్చునేది. నీ కోసం వచ్చినవాణ్ణల్లా లేపేసేది. నేనే ఎన్నిసార్లు పోయానో లెక్క లేదు. నీ మనిషే అనుకున్నామే.”

లిఫ్టు చాట్ మూసేసి పంపుహౌస్ దారి పట్టాడు.

పంపుహౌస్ తలుపు తెరిచే ఉంది. లోపలికి వెళ్ళి అదే మూల, అదే గోడకి ఎదురుగా నిలబడ్డాడు. నీటిబొట్టు — టప్... టప్.

చాలాసేపటికి అడుగులు వినిపించాయి. కుడి పక్కన. స్పష్టంగా, దగ్గరగా.

ఈసారి తప్పు చెయ్యలేదు. మెల్లగా, నేర్చుకున్నంత బాగా, కుడికి తిరిగాడు. ఎదురుగా ఎవరో నిలబడి ఉన్నారు. గురి నిలిపాడు. తల మీద పేరు వెలిగింది.

ఎవరో మగవాడి పేరు. ఎప్పుడూ చూడనిది.

అది పూర్తిగా చదివేలోపే కాల్చేశారు.

పంపుహౌస్‌లో అతను చచ్చిపోవడం అదే మొదటిసారి.