నాలుక మీది ఎరుపు

చచ్చినవాడి నాలుక ఎర్రగా ఉంది. హౌరా టికియాపారా గోదాములో రొయ్యల మేత బస్తాల మధ్య పడున్న ఆ కెమిస్టు లలిత్ మన గూఢచారి డిపార్ట్‌మెంటు మనిషే. శవాన్ని ముందు చూసింది అప్పమ్మ. పొద్దున్నే హౌరా మార్కెట్‌లో రొయ్యలు ఒలుస్తుంది, ఆ తర్వాత డిపార్ట్‌మెంటుకి కళ్లూ చెవులూ ఆవిడే.

బస్తాలు మోసే కళాసీ వేషంలో ఉన్న ఏజెంట్ ప్రణవ్ రుమాలుతో ముక్కు మూసుకున్నాడు. ఎండుచేపల పొడి, ముక్కిన నూనె కంపు. ఛీ, ఏం ఉద్యోగంరా దేవుడా!

చెవిలో చీఫ్ గొంతు. "బయట రెండు లారీలు, ఒకటి నీలం, ఒకటి పచ్చ. పదకొండు నలభైకి సంత్రాగాఛి గూడ్స్‌యార్డుకి, అక్కణ్ణుంచి ఆంధ్రా చెరువులకి. ఒకదాని మేతలో ఆస్టాజాంథిన్, రొయ్యకి ఎరుపు తెచ్చే అసలు రంగు. రెండోదాంట్లో విదేశీ ముఠా కలిపిన విషపు రంగు. ఆపడానికి ఆర్డరు ఒక్క లారీకే వచ్చింది. ఏది ఆపాలన్నది సమీర చెబుతుంది."

భీమవరంలో ప్రణవ్ అక్క చెరువు కూడా ఈ మేత కోసమే చూస్తోంది. ఆ రొయ్యలు తినేది ఆవిడ పిల్లలే.

సమీర ముఠాలో మనం నాటిన మనిషి. ఈ కంపులోనూ తెల్లపట్టు చీర, మల్లెల సెంటు. "నీలం లారీ. తొందరగా!" అంది.

ప్రణవ్ రెండు లారీల నుంచీ చెరో గుప్పెడు మేత తెచ్చి విషాన్ని పట్టే పెన్ స్కానర్ గుచ్చాడు. లక్షల ఖరీదు చేసే ఆ పెన్నులోకి జిడ్డు పోయి, అది కాస్తా చచ్చూరుకుంది. టైము పదకొండు ముప్పై ఆరు.

"కలం మొరాయించినాదేటి బాబూ?" అంది అప్పమ్మ. "లలిత్ బాబు నాలిక సూల్లేదా? పోతా పోతా మనకి ఆనవాలుగా సిటికెడు మేత నోట్లో ఏసుకున్నాడు. ఉమ్ములోనే రంగు దిగిపోనాది. అసలు రంగు నూనెలో దిగుద్ది గానీ నీల్లల్లో దిగదు. ముప్పయ్యేళ్లుగా రొయ్యలొలుత్తన్నాను, నాకు తెల్దా?"

చేతులు దురద పెట్టకుండా రాసుకునే ఆవనూనె సీసా ఆవిడ కొంగున ఎప్పుడూ ఉంటుంది. రెండు గ్లాసుల నీళ్లలో రెండు మేతలూ కలిపి, పైన నూనె పోసింది. నీలం లారీ గ్లాసులో నీళ్లు అలాగే ఉన్నాయి, నూనె మాత్రం కుంకుమరంగుకి తిరిగింది. పచ్చలారీ గ్లాసులో నీళ్లు నెత్తురులా అయ్యాయి.

"పచ్చది! నువ్వు అబద్ధం చెప్పావు, సమీరా!"

హ్యాండ్‌బ్యాగులోంచి పిస్తోలు బయటికొచ్చింది. అప్పమ్మ ఆ ఎర్రనీళ్లు ఆమె మొహాన కొట్టింది. గుండు బస్తాలో దిగింది. ప్రణవ్ బయటికి పరుగెత్తి, గేటు దాటబోతున్న పచ్చలారీ తలుపు ఎక్కి తాళంచెవి లాగేశాడు. పదకొండు నలభై.

బేడీలతో కూర్చున్న సమీర చీర చూసుకుని ఏడుస్తోంది.

"ఏడవకమ్మా," అంది అప్పమ్మ. "నీల్లల్లో జాడిత్తే పోద్ది. పోయే రంగు కాబట్టే కదేటి నువ్వు దొరికినావు!"