యతిరాజులు గారింటి దవడ

నిజానికి ఆ రోజు నోరు తెరవాల్సింది శ్రీకుమార్ కాదు, అతని అక్క కూతురు అక్షయ. దానికి ఎనిమిదేళ్ళు. బడిలో పిల్లలందరి పళ్ళూ పరీక్ష చేసి, దీన్ని మాత్రం పళ్ళు సరిచేసే డాక్టరుకి చూపించమని చీటీ రాసి పంపారు. అక్క కోకిలకి బ్యాంకులో సెలవు దొరకలేదు. క్లినిక్కేమో చెన్నై పురసవాక్కంలో, వీళ్ళ ఎవర్‌సిల్వర్ స్టీలు పాత్రల కొట్టుకి నాలుగు అంగళ్ళ అవతలే ఉంది. దాంతో పని మామ నెత్తిన పడింది.

డాక్టర్ నివేదిత అక్షయని కుర్చీలో పడుకోబెట్టి, లైటు దించి, నోరు తెరవమంది, కొరకమంది, మళ్ళీ తెరవమంది. ఆ తర్వాత తలెత్తి శ్రీకుమార్ మొహం వంక చూసింది. కళ్ళు చికిలించి, తల వాల్చి, బేరానికి ముందు ఆడవాళ్ళు బిందెని తిప్పి తిప్పి చూస్తారే, అట్లా చూసింది.

"కొంచెం పక్కకి తిరగండి," అంది తమిళంలో.

వెనకాల ఇంకెవరైనా ఉన్నారేమోనని చూశాడు శ్రీకుమార్. ఎవరూ లేరు. తిరిగాడు.

"ఇప్పుడు నవ్వండి."

ఇరవైతొమ్మిదేళ్ళలో అతన్ని ఎవరూ అడగని మాట అది. అతని కింది దవడ పై దవడకన్నా ముందుకుంటుంది. నోరు మూస్తే కింది పళ్ళు పైపళ్ళని దాటి ముందుకొచ్చి నిలబడతాయి. బళ్ళో పిల్లలు 'సొరుగు' అని పేరు పెట్టారు, తెరిచి మూయడం మర్చిపోయిన సొరుగని. అప్పటినుంచీ నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకోవడం అలవాటైపోయింది. ఇప్పుడూ అట్లాగే నవ్వాడు.

"చెయ్యి తీసి," అంది డాక్టరు.

శ్రీకుమార్‌కి ఒళ్ళు మండింది. ఆమెనేమీ అనలేక అక్షయ మీద తెలుగులో విసుక్కున్నాడు, ఈడ వైద్యం నీకా నాకా అని. అంతే, డాక్టరు మొహం మారిపోయింది. తనూ తెలుగులోకి దిగింది. వాళ్ళదీ తెలుగిల్లేనట, తాత కాలంనుంచీ పెరంబూరు రైల్వే క్వార్టర్సులోనే పెరిగారట. అక్షయకి ఉన్నది పళ్ళ వంకర కాదు, దవడల తేడా అనీ, ఇట్లాంటిది కుటుంబంలో వస్తుంది కాబట్టే మామ మొహం చూశాననీ చెప్పింది.

అంత తొందరేముంది, పాలపళ్ళన్నీ ఊడి కొత్తవొచ్చాక చూసుకుందామని ఇంట్లో అనుకుంటున్నారని శ్రీకుమార్ చెప్పాడు. ఆమెకి కోపమొచ్చింది. పళ్ళు కాస్త ఎగుడుదిగుడుగా ఉంటే ఆగొచ్చు, దవడ సంగతి ఆగదు అంది. ఏడెనిమిదేళ్ళకి ఎముక లేతగా ఉండి చెప్పినట్టు వింటుంది. పన్నెండు దాటితే వినడం తగ్గిపోతుంది. పెద్దయ్యాక ఆపరేషన్ తప్ప దారుండకపోవచ్చు.

"మిమ్మల్ని కూడా అప్పట్లో ఆగమనే అనుంటారు," అంది చివరికి.

అన్నారు. ముమ్మాటికీ అన్నారు.

కానీ ఇంట్లో ఒప్పించడం మాటలా? వాళ్ళ నాయన యతిరాజులు గారికి ఆ దవడంటే మహా గర్వం. అది ఆయనకి వాళ్ళ నాయన వరదయ్య నుంచి వచ్చిందట. కొట్లో గల్లాపెట్టె పైన వరదయ్య పటం ఉంటుంది, దవడ అంత దూరం ముందుకు పెట్టుకుని. అక్షయకి కట్టబోయే వస్తువు సంగతి వినగానే పెద్దాయన మండిపడ్డాడు. పై పళ్ళకి ఒక బిళ్ళ అతికిస్తారు. నుదుటికీ గడ్డానికీ ఆనేట్టు ఒక చట్రం పెట్టి, రబ్బరు బ్యాండ్లతో పై దవడని మెల్లగా ముందుకు లాగుతారు. బడినుంచి వచ్చింది మొదలు తెల్లారిందాకా పెట్టుకోవాలి, దగ్గరదగ్గర ఏడాది. బజారంతా మనల్ని గుర్తుపట్టేదే ఈ దవడతో, ఆడబిడ్డ మొహానికి ఇనప చట్రం కడతారా అని అరిచాడు.

శ్రీకుమార్ నాయనకి ఎదురు చెప్పే రకం కాదు. ఆ రోజు మాత్రం మెల్లగా ఒకే మాట అడిగాడు.

"నాయనా, నేను నవ్వతా ఉండే ఫోటో మనింట్లో ఒక్కటుందా?"

యతిరాజులు గోడల వంక చూశాడు. అక్క పెళ్ళి ఫోటోల వంక చూశాడు. పై వారమే అక్షయకి చట్రం కట్టించారు.

కట్టించడం ఒక ఎత్తు, పెట్టించడం ఇంకో ఎత్తు. నన్ను చూసి అందరూ నవ్వుతారని అక్షయ ఏడ్చి గోల పెట్టింది. శ్రీకుమార్ అటక మీదున్న పాత క్రికెట్ హెల్మెట్ దింపి, దుమ్ము దులిపి తన తలకి పెట్టుకున్నాడు. నువ్వు పడుకునేదాకా నేనూ తీయనన్నాడు. సాయంత్రం ఆరునుంచి అది పడుకునేదాకా హెల్మెట్‌తోనే టీవీ చూశాడు, హెల్మెట్‌తోనే దోసె తిన్నాడు, పక్కింటి దేవరాజులు గారు పేపరు కోసం వస్తే హెల్మెట్‌తోనే తలుపు తీశాడు. ఆ పెద్దమనిషి పేపరు తీసుకోకుండానే వెళ్ళిపోయాడు.

ఈ సంగతి అక్షయ క్లినిక్‌లో పూసగుచ్చినట్టు చెప్పేసింది. ఆ సాయంత్రం శ్రీకుమార్ ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. "హెల్మెట్‌తో ఉన్న ఫోటో పంపగలరా? డాక్టర్ నివేదిత."

ఇక్కడ మొదలైంది అసలు తికమక.

అంతకుముందు ఆమె ఫోటోలు అడిగిన మాట నిజమే. నాయనది, వరదయ్య తాత పటానిది, అక్కది, తనది ఒకటి. ఫైలుకి కావాలంది, పంపాడు. అది సరే, హెల్మెట్ దేనికి? అందులో దవడ కూడా కనబడదాయె. సరే డాక్టరు కదా అని పంపాడు. వారానికి "వెలుతురులో ఒకటి, పక్కనుంచి." పంపాడు. ఇంకో వారానికి "చెయ్యి అడ్డం లేకుండా ఒకటి." దానికి అద్దం ముందు గంటసేపు తంటాలు పడి పంపాడు. అట్లా వారం వారం ఏదో ఒకటి అడుగుతూనే ఉంది, పంపుతూనే ఉన్నాడు. ప్రతిసారీ జవాబుగా పైకెత్తిన బొటనవేలి బొమ్మ ఒక్కటే వచ్చేది. ఫోటో బాగుందనా, దవడ బాగుందనా, అందిందనా? పోనీ ఎవరికైనా చూపించి అడుగుదామంటే సిగ్గు.

ఈలోగా క్లినిక్ వరండాలో కూర్చుని కూర్చుని అతను సగం డాక్టరైపోయాడు. వేలు చీకే పిల్లలకి పై పళ్ళు ఎత్తుగా వస్తాయని, పాలపన్ను ముందే పీకేస్తే పక్క పళ్ళు ఆ చోటు ఆక్రమిస్తాయని, నోటితో గాలి పీల్చే బిడ్డని ఊరికే వదలకూడదని నేర్చేసుకున్నాడు. కొట్టుకి కుక్కరు కొనడానికి వచ్చినవాళ్ళ పిల్లల్ని నోరు తెరవమనేవాడు. ఏడేళ్ళొచ్చాయా, ఒకసారి చూపించండి, ఆ పక్కనే మంచి డాక్టరుంది అనేవాడు. మంచి డాక్టరు అనేటప్పుడు చెవులు ఎందుకు వేడెక్కుతున్నాయో అతనికే అర్థమయ్యేది కాదు.

ఒకరోజు మాధవరం నుంచి కామరాజు గారనే పాతబేరం వచ్చి, కూతురి పెళ్ళికి ఇరవైనాలుగు జతల టంబ్లర్లు, కాఫీ చల్లార్చుకునే డబరా గిన్నెలు కొని, అన్నిటి మీదా శ్రుతి అని చెక్కమన్నాడు. చెక్కే మిషను దగ్గర కూర్చునేది శ్రీకుమారే. ఇరవైమూడు టంబ్లర్ల మీద శ్రుతి అని చెక్కాడు. ఇరవైనాలుగోదాని మీద చూసుకుంటే నివేదిత అని ఉంది. గబగబా దాన్ని వెనక గదిలో ఇడ్లీపాత్రల మాటున దాచేసి, ఇంకో టంబ్లర్ తెచ్చి చెక్కాడు.

అయిదో నెలకి అక్షయ పైపళ్ళు కిందివాటిని దాటి ముందుకొచ్చాయి. అది బడి ముందు అమ్మే మామిడికాయ ముక్కని మొదటిసారి ముందుపళ్ళతో కొరికి, కారం అంటిన ఆ పంటిగాట్లని తెచ్చి తాతకి చూపించింది. యతిరాజులు ఆ ముక్కని అటూ ఇటూ తిప్పి చూసి, కండువాతో కళ్ళొత్తుకున్నాడు. శ్రీకుమార్ ఆనందంతో అక్షయని ఎత్తుకుని గిర్రున తిప్పాడు.

ఆనందం వెంటే గుబులు. ఇకమీదట రెండు నెలలకోసారి వస్తే చాలంది డాక్టరు. రెండు నెలలా! శ్రీకుమార్ ఆలోచించకుండా నోరు జారాడు. నాకూ వైద్యం చెయ్యండి, నా కేసు కూడా మీరే తీసుకోండి అన్నాడు.

ఆమె చేతిలోని చిన్న అద్దం ట్రేలో పడింది.

"మీ కేసు నేను చూడను," అంది, అతని వైపు చూడకుండా. "వేరే డాక్టరుకి రాసిస్తాను."

రాసిచ్చింది కూడా. ఆ కాగితం జేబులో పెట్టుకుని అతను బిక్కమొహంతో బయటికొచ్చాడు. అంత పనికిరాకుండా పోయానా అనుకున్నాడు. వరండాలో ఎక్స్‌రేలు తీసే ప్రభాకరన్ పలకరించి, గొప్ప కబురు చెప్తున్నట్టు ఇంకోమాట చెప్పాడు. వచ్చే నెల డాక్టర్ల మీటింగులో వంశపారంపర్యంగా వచ్చే దవడల గురించి మేడమ్ మాట్లాడబోతోందట. మీ ఇంటి దవడే అందులో హీరో సార్ అన్నాడు.

ఓహో, ఇదా సంగతి అనుకున్నాడు శ్రీకుమార్. వెలుతురు, పక్కనుంచి, చెయ్యి లేకుండా. అన్నీ అందుకేనన్నమాట. తనేమో అద్దం ముందు గంటలు గంటలు నిలబడ్డాడు. ఏడుపొచ్చినంత పనైంది. మూడువారాలు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. నాయన ఏ గ్లాసులో కాఫీ తాగుతున్నాడో కూడా చూడలేదు.

నాలుగోవారం వాన పట్టుకుంది. వీధంతా మోకాలి లోతు నీళ్ళు. ఆ నీళ్ళలో ప్యాంటు మడుచుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని క్లినిక్‌కి పోయాడు. వానకి ఒక్క పేషెంటూ రాలేదు. నివేదిత కిటికీ దగ్గర నిలబడి ఉంది. అతన్ని చూసి మొహం వెలిగింది, అతని మొహం చూసి ఆరిపోయింది.

"నా ఫోటోలు తీసెయ్యండి. నాయనవి ఉంచుకోండి, తాతవి ఉంచుకోండి. నావి వద్దు," అన్నాడు. "అద్దాల బీరువాలో పెట్టడానికి నేను పాత్రని కాదండీ."

అక్కడే ఉన్న ప్రభాకరన్ ఉత్సాహంగా ఫైలు తెచ్చి బల్ల మీద పరిచాడు. అక్షయవి ఉన్నాయి. కోకిలవి, యతిరాజులువి, పటంలో వరదయ్యవి ఉన్నాయి. ఒక మూల పెన్నుతో 'మేనమామకి కూడా ఉంది' అని ఒక్క ముక్క రాసుంది. శ్రీకుమార్ ఫోటో ఒక్కటీ లేదు.

మామల ఫోటోలు ఫైల్లో పెట్టాల్సిన పనిలేదు సార్, అమ్మా నాన్న తాత చాలు అని ప్రభాకరన్ అమాయకంగా చెప్పాడు. నివేదిత అతన్ని టీ తెమ్మంది. ఈ వానలోనా అని అడిగాడు. ఈ వానలోనే అంది.

గదిలో ఇద్దరే మిగిలారు.

"మరి నా పద్నాలుగు ఫోటోలు?" అన్నాడు శ్రీకుమార్, ఏమీ అర్థంకాక.

"పదిహేడు," అంది. "నా ఫోన్లో ఉన్నాయి."

"ఎందుకు?"

"మొదటిది ఫైలుకనే అడిగినా. మీరు చెయ్యి అడ్డం పెట్టుకుని పంపినారు, దాన్ని ఫైల్లో పెట్టబుద్ధి కాలేదు. హెల్మెట్‌ది ఎందుకడిగినానో నాకే తెలీలేదు. అది చూసినాక తెలిసింది."

శ్రీకుమార్ మడిచిన ప్యాంటు నుంచి నీళ్ళు నేలమీదికి కారుతున్నాయి. అయినా వదల్లేదు.

"మరి నా కేసు చూడనన్నారే."

"పేషెంటుగా తీసుకుంటే మీతో ఇంకోమాట మాట్లాడకూడదు. అది తప్పు. అందుకే ఆ చీటీ రాసిచ్చినా. దవడ సరిచేయించుకోవాలని మీకుంటే ఆయన దగ్గరికి పోండి. నా కోసమైతే వద్దు."

"ఇంకోమాటంటే?"

నివేదిత నడుం మీద చేతులు పెట్టుకుంది.

"శ్రీకుమార్ గారూ, మీకు దవడే అనుకున్నా. బుర్ర కూడా గట్టిపడిపోయిందా?"

అప్పుడెక్కింది. ఎక్కగానే నవ్వొచ్చింది, ఆపుకోలేనంత నవ్వు. ఒక చేతిలో చెప్పులు, ఇంకో చేతిలో గొడుగు ఉన్నాయి. అడ్డం పెట్టుకోవడానికి చెయ్యే లేదు. ఉన్నా పెట్టుకునేవాడు కాదేమో. ఆమె ఫోన్ తీసి, ఈసారి అడగకుండానే ఫోటో తీసుకుంది.

టీ వచ్చింది, చల్లారింది, వాన కూడా వెలిసింది. కొట్టుకి తిరిగొచ్చేసరికి శ్రీకుమార్‌కి ఇంకో భయం పట్టుకుంది. నాయనకి ఎట్లా చెప్పడం? గల్లాపెట్టె దగ్గర కూర్చుని యతిరాజులు కాఫీ తాగుతున్నాడు. శ్రీకుమార్ నోరు తెరవబోయి, ఆయన చేతిలోని టంబ్లర్ చూసి అట్లాగే నిలబడిపోయాడు. దాని మీద నివేదిత పేరుంది.

"నెలయింది ఇది దొరికి. రోజూ దీంట్లోనే తాగతా ఉండా, నువ్వు చూస్తావని," అన్నాడు యతిరాజులు. ఒక గుక్క తాగి, పటంలోని వరదయ్య వంక చూసి, గొంతు సవరించుకున్నాడు. "ఆ యమ్మకి మన దవడ నచ్చిందా?"

"నచ్చింది నాయనా."

పెద్దాయన దవడ ఇంకాస్త ముందుకొచ్చింది. పక్కనున్న ఉత్త డబరాని కొడుకు వైపు జరిపాడు.

"అట్టయితే దీని మీద నీ పేరు చెక్కుకురా. జత లేకుండా ఎన్నాళ్ళురా కాఫీ ఆర్చుకునేది."