లోపలి అతుకు

సియెన్‌ఫ్యుగోస్‌లో జనవరి సాయంత్రాల్లో సముద్రం వైపు కిటికీలు ఎవరూ తెరిచి ఉంచరు. ఓస్మెల్ కూడా తలుపుతో పాటు కిటికీలన్నీ మూసి, గది మధ్యనున్న గాజు తొట్టి ముందు కూర్చున్నాడు. అది అతని భార్య నెరెయిదా తన చేతులతో కట్టుకున్న చేపల తొట్టి. ఆమె పోయిన కొన్నాళ్ళకే అతుకులు వదిలి నీరంతా కారిపోయింది. మిగిలిన ఒకే ఒక్క ముసలి బంగారు చేప అప్పటినుంచి బకెట్‌లో తిరుగుతోంది.

బాగు చేయటానికి అతను తొందరపడలేదు. పలకలు విడదీసి, పాత జిగురును బ్లేడుతో పొరలు పొరలుగా గీకి, స్పిరిట్‌తో తుడిచి, మళ్ళీ నిలబెట్టి, మూలమూలనా లోపలి వైపునుంచి సిలికాన్ జిగురు పట్టించాడు. అది ఆరేదాకా ఇల్లంతా వెనిగర్ వాసన. పూర్తిగా ఆరాక ఆ వాసన ఉండదు. నిన్నటితో అది పోయింది. ఈరోజు నీళ్ళు నింపి చూశాడు. ఒక్క చుక్క కారలేదు.

ఇల్లు మరొకరికి ఇచ్చేశాడు. చెల్లెలు మిగ్దాలియా సాంతా క్లారా నుంచి ట్రక్కు తీసుకుని వస్తోంది. ఈ గోడల మధ్య ఇంకొక చలికాలం గడిపితే తాను మిగలనని అతనికి తెలుసు. వెళ్ళిపోతున్నానని ఈ ఇంట్లో పైకి అనటానికి మాత్రం ఇన్నాళ్ళూ నోరు రాలేదు. మధ్యాహ్నం చెల్లెలు ఫోన్ చేసి, చేపకు వేరే సీటు కావాలా, నీ ఒళ్ళోనే సర్దుకుంటుందా అని ఆటపట్టిస్తే, నవ్వేసి అనేశాడు.

"వచ్చేస్తున్నానే. ఇక ఈ ఇంటికి తిరిగి రాను."

చీకటి పడుతుండగా కరెంటు పోయింది. రోజూ పోయేదే. గాలికి కిటికీ రెక్కలు టపటపా కొట్టుకుంటున్నాయి. కాసేపటికి ఎడమ కిటికీ చప్పుడు ఆగింది. తర్వాత కుడిది. గాలి తగ్గిందనుకున్నాడు.

అప్పుడు వాసన వచ్చింది.

వెనిగర్...

తొట్టి అతుకులు తడిమాడు. గట్టిగా, పొడిగా ఉన్నాయి. సిలికాన్ ట్యూబు ఎప్పుడో ఖాళీ అయింది. వాసన తలుపు దగ్గర ఎక్కువగా ఉంది. గడియ తీసి లాగాడు. తలుపు రాలేదు. ద్వారబంధం వెంట వేలు పోనిచ్చాడు. చల్లగా, మెత్తగా అంటుకుంది. పైనుంచి కిందికి ఎక్కడా తెగకుండా, తడివేలితో ఒక్క ఊపున తీర్చిన జిగురు. అంత నునుపు అతని చేతికి ఏనాడూ రాలేదు. అది ఎవరి పనితనమో అతనికి తెలుసు.

కిటికీలు తడిమాడు. వాటికీ అంతే.

"నెరెయిదా..." అన్నాడు గుసగుసగా.

బకెట్‌లో చేప కదలటం మానేసింది.

ట్రక్కు ఆగిన చప్పుడు నీళ్ళ అడుగునుంచి విన్నట్టు అస్పష్టంగా వచ్చింది. తలుపు కింద లాంతరు వెలుగు కనిపించింది.

"అన్నయ్యా, తియ్యి. చలికి నన్నిక్కడే చంపుతావా?"

తలుపు అంటుకుపోయిందని, గునపం తెప్పించమని చెప్పాడు. ఆమె నవ్వింది. జిగురుతో ఆడి ఆడి నిన్ను నువ్వే అతికించుకున్నావా అని వెక్కిరించింది. చాకుతో సందు గీకుతున్న చప్పుడైంది. అది ఆగిపోయింది.

"ఇటువైపు జిగురే లేదు," అంది గొంతు తగ్గించి. "చెక్క పొడిగా ఉంది. అతికించింది లోపలినుంచే... అన్నయ్యా, లోపల నీతో ఎవరున్నారు?"

అతను వెనక్కి తిరిగి చూడలేదు. గడపకూ తలుపుకూ నడుమ లాంతరు వెలుగు సన్నని గీతలా పరుచుకుని ఉంది. ఇంకా అతకని చోటు అదొక్కటే. నేలమీద పడుకుని, ఆ సందుకు నోరు ఆనించాడు.

"గునపం... త్వరగా..."

వెలుగు గీత ఎడమ కొసన ఆరింది. నిదానంగా, ఎక్కడా ఆగకుండా, కుడివైపుకు ఆరుతూ వచ్చింది. మిగ్దాలియా పిలుపు మధ్యలోనే తెగిపోయింది.

అతని పెదవుల మీదుగా ఒక తడివేలు సాగిపోయింది.

అది వెచ్చగా ఉంది.