తెప్ప ఈడ్చిన చార

పడవలు ఒక్కొక్కటిగా సముద్రంలోంచి లేచి, ఇసుకకు జానెడు ఎత్తున తేలుతూ వచ్చి, ఎవరి పెరట్లో వారివి వాలుతున్నాయి. వాటిని మోసే గాలిపీఠాలు వచ్చి ముప్ఫై ఏళ్లయింది. అప్పటి నుంచి ఆ తీరంలో పడవకు భుజం ఆనించినవారు లేరు.

ఆ మధ్యాహ్నం వృక్షశాస్త్రవేత్త హైమవతి ఇసుకలో మోకాళ్ల మీద కూలబడి కేక పెట్టింది.

"ఏటమ్మా, పామా?" అంటూ దగ్గరి పెరట్లోంచి ఎరకమ్మ పరుగెత్తుకొచ్చింది.

"పాము కాదు, ఇసుకచుక్క! పూసింది!"

వేలెడు మొక్క, పసుపుపచ్చని చిట్టిపూలు. ఒక వానకు మొలిచి, విత్తు రాల్చి, ఎండకు చచ్చిపోయే జాతి. అది కనుమరుగై చాలా కాలమైంది. ఇసుకలో మిగిలిన విత్తనాలు ముసలివైపోతున్నాయి. ఈ ఏడు మొలవకపోతే ఇక మొలవవని ఆమె అంచనా. ఇప్పుడు చూస్తే, నీటి అంచు నుంచి ఎరకమ్మ పెరటి దాకా ఒకటే చారగా పూలు!

"ఇక్కడ ఏం జరిగింది, ఎరకమ్మా?"

ఎరకమ్మ గొంతు తగ్గించింది. "ఎవరితో అనకండమ్మా. మొన్నటి వానలకు ముందు మా పీఠం పాడైంది. నలుగురూ చూస్తే నవ్వుతారని, అందరూ జాతరకు పోయినప్పుడు నేనూ, మా ఆయనా, కూతుళ్లూ తెప్పను ఈడ్చుకొచ్చాం."

హైమవతి ఇసుకలోంచి ఒక పాత విత్తనాన్ని ఏరి గోటితో నొక్కింది. రాయిలా ఉంది. తెప్ప అడుగు ఒరుసుకుంటే ఈ పెంకు చిట్లుతుంది. చిట్లితేనే లోపలికి నీరు చేరుతుంది. అంటే, పడవ ఇసుకను తాకడం మానిననాడే ఈ పువ్వు పూయడం మానింది!

"ఈ ఏటికి ఆఖరి వాన ఎల్లుండి. ఒక్క చార రాల్చే విత్తు జాతికి చాలదు. ఈలోగా ఈ పూలను తప్పించి తీరమంతా పడవలు ఈడ్వాలి!"

"పెద్ద పడవంటే పన్నెండుమంది తాడు పట్టాలమ్మా. ఇక్కడ పక్కింటోడి మొహం ఎవడు చూస్తన్నాడు?"

ఆ పక్కిల్లు ఆమె మరిది పోలయ్యది. ఎవరి పీఠం వారికి వచ్చాక అన్నదమ్ములకు ఒకరితో ఒకరికి పని లేకపోయింది. పని లేక పలకరింపు తగ్గింది. ఆ తరువాత చిన్న మాటకే మధ్యన గోడ లేచింది.

ఎరకమ్మ పూలకేసి ఒకసారి చూసి, కొంగు బిగించి, గోడ దగ్గరకు నడిచింది.

"పోలయ్యా! నీ పడవ ఈడ్వాలి, రా!"

గోడ అవతలి నుంచి పోలయ్య గొంతు వినిపించింది. "నా పీఠం బాగానే ఉంది కదొదినా?"

"ఉంటే ఉండనీ. ఇసుకచుక్క పూసింది. పడవ ఈడిస్తేనే మళ్లీ పూస్తుందంట."

"తాడుందా?"

"ఉంది. చేతులే లేవు."

గోడ మీద ముందు రెండు చేతులు కనిపించాయి, ఆ తరువాత నెరిసిన తల.

"అన్నని మాత్రం ముందు నిలబెట్టకు," అన్నాడు పోలయ్య, కాలు ఇవతలికి వేస్తూ. "ఐలేసా ఎప్పుడూ ఓ అడుగు ఆలస్యంగా అంటాడు."