దీవెనే సిగ్నల్

"మాగ్నోలియా మనల్ని అమ్మేసింది," అంది చీఫ్ బర్రుందియా. "రేపు పొద్దున్న తొమ్మిదింటికి ముగించేయాలి."

టేబుల్ అవతల ఏజెంట్ ఎఫ్రయీన్ సోలిస్. కిటికీ దగ్గర షార్ప్‌షూటర్ నజారియో. మధ్యలో డిప్యూటీ పాయిస్, చేతిలో ఫైలు. మాగ్నోలియా డబుల్ ఏజెంట్. రెండేళ్ళుగా ఒక బెల్జియన్ కాఫీ వ్యాపారి ఇంట్లో మకాం వేసి, అతని ముఠా రహస్యాలు ఇక్కడికి చేరవేస్తోంది. ఇప్పుడు ఇక్కడివే అక్కడికి చేరుతున్నాయని పాయిస్ ఫైలు చెబుతోంది.

"ఎప్పటిలాగే మనకి సమాచారం అందించడానికి బేకరీకి వస్తుంది. ఏ వేషంలో వస్తుందో తెలీదు," అన్నాడు పాయిస్. "ఎఫ్రయీన్, ఆమె నడకని పట్టగలిగేది నువ్వొక్కడివే. కౌంటర్లో నువ్వుంటావు. కాలర్ బటన్‌లో మైక్రోఫోన్. ఎదురు మేడ మీద నజారియో. నువ్వు ఎవరితో కోడ్‌వర్డ్ అంటే, వాళ్ళు గుమ్మం దిగగానే కాలుస్తాడు. ఆ తర్వాత నువ్వు వద్దని అరిచినా వినడు. నీ తలకి ఎవడైనా పిస్టల్ పెట్టి అలా అరిపించొచ్చు కదా."

"కోడ్‌వర్డ్ ఏంటి?" అడిగాడు నజారియో.

ఎఫ్రయీన్‌కి అక్కడే తెలివి పుట్టుకొచ్చింది. "కే లే వాయా బియెన్ అంటాను. కొట్లోవాడు ఆ మాటంటే ఎవరికి అనుమానం వస్తుంది?"

చీఫ్ పకపకా నవ్వింది. "గట్టివాడివోయ్ నువ్వు."

ఎఫ్రయీన్ ఛాతీ పొంగింది. ఎన్నేళ్ళయినా అతను తలెత్తుకోలేకపోయింది ఆ పొంగు వల్లే.

కే లే వాయా బియెన్ అంటే, స్పానిష్‌లో వెళ్ళేవాళ్ళకి చెప్పే దీవెన, వెళ్ళినచోట మీకు మేలు జరగాలి అని. వెళ్ళడం అనే క్రియ దీవెనలోకి వచ్చేసరికి పాత రూపం మొత్తం వదిలేసి వాయా అయి కూర్చుంటుంది. ఎందుకలాగో చెప్పడానికి పంతుళ్ళు పెద్ద పెద్ద పట్టికలు గీస్తారు. ఈ షేలా ఊళ్ళో పిల్లలకి ఆ పట్టికలు అక్కర్లేదు. ఉగ్గుపాలతోపాటే వచ్చేస్తుంది. ఎఫ్రయీన్ వాళ్ళమ్మ అయితే గుమ్మంలోంచి కుక్క వెళ్తున్నా ఆ మాట అనేది.

అలాంటి ఊళ్ళో, బేకరీ కౌంటర్లో నిలబడి, మూడు గంటలసేపు ఎవరితోనూ ఆ మాట అనకుండా ఉండాలి. ఈ సంగతి మహా తెలివైన ఏజెంట్‌కి పొద్దున్న ఆరింటికి మొదటి కస్టమర్ వెనుదిరిగినప్పుడు తట్టింది. పెదవి కరుచుకున్నాడు. నోరు జారితే రొట్టె కొనుక్కెళ్ళే మనిషి మెట్టు మీద శవమైపోతుంది.

ఏడింటికి దోన్యా ఎదెల్మీరా వచ్చింది. ఎనభై ఏళ్ళ మనిషి, ఊరంతా దోన్యా అనే గౌరవిస్తుంది. రొట్టెలు తీసుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"ఏం నాయనా, నోట్లో ముల్లు గుచ్చుకుందా?"

"లేదండీ."

"మరి వెళ్ళేదాన్ని చూస్తూ ఊరుకున్నావేం? ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయింది?"

ఎఫ్రయీన్ తల దించుకుని బల్ల తుడిచాడు.

"మీ అమ్మ ఎవరో గానీ, పాపం, ఎంత కష్టపడి కన్నదో," అంటూ ఆమె మెట్లు దిగి, బయట ఉన్నవాళ్ళందరికీ అతన్ని చూపించి మరీ చెప్పింది. మిగతావాళ్ళు నోటితో ఏమీ అనలేదు. చూసిన చూపు చాలు. ఎనిమిదిన్నరకల్లా అతని చెవులు పొయ్యి మీద పెట్టినట్టు కాలిపోతున్నాయి.

సరిగ్గా తొమ్మిదింటికి చారల శాలువా కప్పుకుని, గళ్ళ ఏప్రన్ కట్టుకుని ఒక సంతమనిషి వచ్చింది. మొహానికి మసి. చేతికి బుట్ట. ఆ నడక మాత్రం మాగ్నోలియాది.

"ఆరు షేకా రొట్టెలియ్యి. మెత్తనివి చూసి ఇయ్యి. నిన్న నువ్విచ్చింది ఇటుకరాయిలా ఉంది, కావాలంటే నువ్వే చూడు," అని బుట్టలోంచి ఒక షేకా తీసి కౌంటర్ మీద పెట్టింది.

ఎఫ్రయీన్ రొట్టెని విరిచాడు. లోపల వేలెడంత ఫిల్మ్ చుట్ట, చిన్న చీటీ. 'పాయిస్ అమ్ముడుపోయాడు. బెల్జియన్‌కి ఫైళ్ళు అందిస్తున్న ఫోటోలు ఇందులో ఉన్నాయి. చీఫ్ చేతికే ఇవ్వు.'

రెండుసార్లు చదివాడు. గుండెల మీంచి పెద్ద బండ దిగిపోయింది. ఈమె మనమనిషే. చంపక్కర్లేదు. ఆరు షేకాలూ సంచిలో వేసి ఇచ్చాడు. మాగ్నోలియా కళ్ళతోనే నవ్వి, వెనక్కి తిరిగింది.

"కే లే వాయా బియెన్," అన్నాడు ఎఫ్రయీన్.

పొద్దున్నుంచి నొక్కిపెట్టిన మాట. మనసు తేలికపడగానే నోట్లోంచి ఊడిపడింది. నిండు మనసుతోనే అన్నాడు, అదే దారుణం.

మాగ్నోలియా గుమ్మంలో ఉంది. మెట్టు మీద అలాంటి చారల శాలువాలే ఇంకో ముగ్గురు కప్పుకుని ఉన్నారు. ఎదురు మేడ మీద తుపాకీ గొట్టం కదిలింది. అరిచినా నజారియో వినడు. రూల్ రూలే.

ఎఫ్రయీన్ కౌంటర్ మీదినుంచి దూకాడు. మెట్టు మీదికొచ్చి మొదటి శాలువాకి చెప్పాడు. "కే లే వాయా బియెన్." రెండోదానికి చెప్పాడు. మూడోదానికి చెప్పాడు. బస్సు కండక్టర్‌కి, బూట్లు తుడిచేవాడికి, మందులషాపు యజమానికి, ఇంకా అక్కడే కబుర్లు చెబుతున్న దోన్యా ఎదెల్మీరాకి చెప్పాడు.

"ఇప్పటికి నోరు పెగిలింది," అంది ఆమె. "నీకూ మేలే జరగాలి నాయనా."

దీవిస్తే తిరిగి దీవించకుండా పోయేవాళ్ళు ఆ వీధిలో లేరు. అందరూ అతనికి చెప్పారు, ఎలాగూ నోరు తెరిచారు కాబట్టి ఒకరికొకరు చెప్పుకున్నారు. మైక్రోఫోన్ నిండా ఆ ఒక్క మాటే. మేడ మీది గొట్టం ఒక శాలువా మీంచి ఇంకో శాలువా మీదికి, అక్కణ్ణించి కండక్టర్ మీదికి తిరిగి, చివరికి ఆకాశం వైపు లేచింది. వేలు ట్రిగ్గర్ మీద సగం నొక్కి ఉందని నజారియో తర్వాత చెప్పాడు. నాలుగోసారి వినేసరికి తన నోరు కూడా జవాబు చెప్పేసిందట.

వీధి మలుపులో ఎఫ్రయీన్ మాగ్నోలియా చెయ్యి పట్టుకుని ఆపాడు. కాలర్ బటన్ పీకి పారేశాడు. జరిగిందంతా చెప్పాడు.

ఆమె బుట్ట కింద పెట్టింది. "ఆ మాటని సిగ్నల్‌గా పెట్టింది ఎవరు? పాయిసేనా?"

అవునంటే సరిపోయేది. పాయిస్ ఎలాగూ జైలుకి పోయేవాడే.

"నేనే," అన్నాడు ఎఫ్రయీన్. "తెలివిగా ఉంటుందనుకున్నా."

మాగ్నోలియా శాలువా కొసతో మొహం మీది మసి తుడుచుకుంది. "రెండేళ్ళు ఆ బెల్జియన్ పక్కన బతికాను. వాడు నన్ను చంపాలనుకుంటే తిట్టి చంపేవాడు, ఎఫ్రయీన్. దీవించి చంపాలన్న ఆలోచన వాడికి కూడా రాదు."

బుట్ట సర్దుకుని వెళ్ళిపోయింది. అతను నేలవైపే చూస్తూ నిలబడ్డాడు.

మధ్యాహ్నానికి పాయిస్ చేతులకి బేడీలు పడ్డాయి. బెల్జియన్‌ని విమానం మెట్ల మీద పట్టుకున్నారు. చీఫ్ బర్రుందియా భుజం తట్టి, ఎఫ్రయీన్ పేరు మెడల్‌కి రాసింది.

"వచ్చే నెల ఇంకో ఆపరేషన్ ఉంది," అంది. "మంచి కోడ్‌వర్డ్ ఏదైనా చెప్పు. నీకు బాగా తడతాయి."

"ఏదైనా పెట్టుకోండి మేడమ్," అన్నాడు ఎఫ్రయీన్ బూట్ల వైపు చూస్తూ. "నన్ను మాత్రం అడక్కండి."