ఇంగ నీ పేరెత్తను

“ఆ క్యాను మూత ముట్టుకుంటివా, చేతులు ఇరగ్గొడ్తా, ఓబులేసూ!”

విమానం కూలి రెండు రోజులైంది. ఎర్రమల కొండల్లో, గొర్రె నిలబడేంత నీడ కూడా లేని బండల మీద, నర్సు ఉరుకుందమ్మ మెకానిక్ ఓబులేసును ఇలా కసరడం పదోసారో పదకొండోసారో.

అది 1944 ఎండాకాలం. యుద్ధం రోజులు. బెంగుళూరు నుంచి హైదరాబాదుకు మిలిటరీ మందులు మోసుకుపోతున్న ఆ చిన్న విమానంలో ఉన్నది ముగ్గురే. మూడో మనిషి పైలట్ దొర. కాలు విరిగి, జ్వరంతో మూలుగుతూ రెక్క కింద పడున్నాడు. క్యానులో మిగిలింది రెండు గ్లాసుల నీళ్ళు.

“నేను తాగేదానికి కాదులే. దొర పెదాలు తడుపుదామని,” అన్నాడు ఓబులేసు. “అయినా మీ ఆదోని తట్టు మగోళ్ళను అప్పా అనే అలవాటే లేదా? పేరు పెట్టి అరుస్తావే!”

“నీ మొగానికి అదొకటి తక్కువ!”

అతనికి నవ్వొచ్చింది. ఎండకు పెదవి పగిలి ఉందేమో, నవ్వగానే నెత్తురొచ్చింది. ఆమె కోపంగానే దూది తీసి అద్దింది. ఆ కాస్తకే మన అబ్బాయి గుండె, విమానం కన్నా అన్యాయంగా కూలిపోయింది.

ఇద్దరూ మగ్గం ఇళ్ళల్లో పుట్టినవాళ్ళే. ఆమెది ఆదోని, అతనిది రాజంపేట. ఎవరికైనా కనబడుతుందని తెల్లటి పారాచూట్ గుడ్డను బండ మీద పరుస్తుంటే, ఓబులేసు ఆ నేతను వేళ్ళతో రుద్దుతూ నిలబడిపోయాడు.

“ముందు గుడ్డ పరుచు! కొనేటట్టు సూస్తాండావే!” అందామె. చెప్పొద్దూ, ఆమె కూడా అంచు రెండుసార్లు తడిమి చూసింది.

మూడో రోజు పొద్దున క్యాను తలకిందులు చేస్తే ఒక్క చుక్క రాలలేదు. దొర కళ్ళు తేలేస్తున్నాడు.

“ఆ పావురాలను సూడు. రోజూ ఆ బండల సందులోకే దూరుతాండాయి,” అంది ఉరుకుందమ్మ. “పావురాలుంటే గుహ ఉంటాది, ఆ గవిలో నీళ్ళుంటాయి. మా అవ్వ చెప్పేది. నేను పోతా.”

“నువ్వు పోతే దొరకు సూది ఎవురేస్తారు? నేనే పోతా. గంటలో వస్తా.”

నాలుగడుగులు వేసి ఆగాడు. “ఈడ నుంచి బతికి బయటపడితే మీ నాయన్ను అడగాలనుకుంటాండా. నీకిష్టమేనా?”

ఆమె దొర కట్టు సరిచేస్తూ కూర్చుంది. సరిగ్గా ఉన్న కట్టునే సరిచేస్తోంది.

“పేరులోనే ఉరుకు ఉండాది. జవాబుకు ఇంతసేపా?”

“పో! నీళ్ళు తే. ఇంగ నీ పేరు నేనెత్తను.”

మన పక్క ఆడది ఏ మగాడి పేరు ఎత్తదో తెలియనంత అమాయకుడు కాదు ఓబులేసు. ఖాళీ డబ్బా ఊపుకుంటూ, ఎండిన పెదవులతోనే ఈల వేయబోతూ పోయాడు.

గంటన్నవాడు ఎండ నడినెత్తికొచ్చినా రాలేదు.

అతనికి బదులు వేరేవాళ్ళొచ్చారు. బేతంచెర్ల రాళ్ళ గనుల్లో పనిచేసే పెద్ద ఈరన్న, అతని భార్య సుబ్బక్క, నలుగురు కూలీలు. తెల్లగుడ్డ చూసి ఎక్కొచ్చారు. వాళ్ళ కడవలో నీళ్ళు దొర గొంతులో పోసి, తను గుక్కెడైనా తాగకుండా ఉరుకుందమ్మ అంది: “ఇంకొకాయన ఉండాడు. ఆ తట్టు గవిలోకి పోయినాడు.”

“ఆ తట్టు ఒక గవా? ఇరవై ఉంటాయి, అన్నీ లోతే. పేరు సెప్పు, అరుస్తాం,” అన్నాడు పెద్ద ఈరన్న.

ఆమె నోరు తెరిచింది. మూసుకుంది.

“మొగుడా?” అడిగింది సుబ్బక్క.

“కాలేదు.”

“అయ్యేటోడా?”

ఉరుకుందమ్మ తల వంచుకుంది.

“అయ్యో నా తల్లీ! యా సామి పేరో సెప్పు, సాలు.”

“అహోబిలం సామి.”

ఇంకేం, కొండంతా మోగిపోయింది. “నరసింహులూ! ఓ నరసింహులూ!” గవి గవి దగ్గరా అరిచారు. ఎక్కడా ఉలుకూ పలుకూ లేదు.

పెద్ద ఈరన్న తలగుడ్డ విప్పి చేతిలోకి తీసుకున్నాడు. “దొరను దించాలమ్మా. పొద్దు వాలితే దారి కనపడదు. ఆయప్ప ఇంగ...”

అప్పుడు తట్టింది ఆమెకు. అహోబిలం స్వామికి నరసింహుడే కాదు, ఓబులేసు అనీ పేరుంది కదా! వీళ్ళు పిలుస్తున్నది ఇంకెవరినో! పాడు సిగ్గు, మనిషి ప్రాణం తీసేలా ఉంది! పేరులోని ఉరుకంతా కాళ్ళలోకొచ్చింది. బండలు దూకుతూ, గొంతు చిరిగేలా అరిచింది.

“ఓబులేసూ! ఒరేయ్ ఓబులేసూ! పలకవేందిరా!”

ఎక్కడో కింద ఠంగుమంది. మళ్ళీ ఠంగు, ఠంగు. రేకు డబ్బాను రాయితో కొడుతున్న చప్పుడు.

తాళ్ళేసి పైకి లాగారు. నుదురు చిట్లింది, మడమ వాచిపోయింది. నడుముకు కట్టుకున్న డబ్బాలో మాత్రం సగానికి పైగా నీళ్ళున్నాయి.

“జారి పడితి. సగం తెలివి లేదు,” అన్నాడు ఓబులేసు. “ఎవురో నరసింహులును పిలుస్తాండారు. ఆయప్ప పలకడే, ఎంత పొగరో అనుకుంటి. అంతలో నీ గొంతు ఇనపడె.” అని ఆమె మొహంలోకి చూశాడు. అతని మొహం వాడిపోయింది. “పేరెత్తనంటివి. ఎత్తితివే! అంటే... నేను నీకేమీ కానా?”

“బతికుంటే గదా మొగుడయ్యేది!” అని ఆమె భోరున ఏడ్చేసింది.

సుబ్బక్క పక్కకు తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

దొర బతికాడు. రెండు నెలల తర్వాత, ఇంకా కొంచెం కుంటుతూనే ఓబులేసు ఆదోని చేరి, ఉరుకుందమ్మ వెనకాలే వాళ్ళ ఇంట్లోకి అడుగుపెట్టాడు. ఆమె తండ్రి ఈరప్ప మగ్గం గుంటలో నుంచి తలెత్తాడు.

“ఎవురమ్మా ఈ పిల్లోడు? పేరేంది?”

ఉరుకుందమ్మ చూరు కేసి చూసింది. నేల కేసి చూసింది.

“నువ్వే అడుగు నాయనా.”

ఈరప్ప చేతిలో, పోగుల మధ్య అటూ ఇటూ ఆడుతున్న నాడె ఆగిపోయింది. కూతుర్ని చూశాడు, కుర్రాణ్ణి చూశాడు. తర్వాత లోపలున్న భార్యకు కేకేశాడు.

“లక్ష్మీదేవమ్మా! చెంబుతో నీళ్ళు తే. అల్లుడొచ్చినాడు.”